హచికో కథలో కనిపించని ఇంటావిడ

మా మావయ్యగారు పోయి మొన్న కార్తీకానికి ఏడాది నిండింది. ఆయనకి సాయంత్రం అయిదింటికి సందు చివర టీ కొట్టుకి వెళ్ళే అలవాటు. వచ్చేటప్పుడు రెండు రస్కులు జేబులో వేసుకునేవారు, ఒకటి తనకి, ఒకటి మా వీధిలో తిరిగే గోధుమరంగు కుక్కకి. దానికి పేరేమీ పెట్టలేదు, "ఒరేయ్" అంటే పలికేది. ఆయన పోయాక కూడా అది అయిదింటికి మా గేటు దగ్గరికి వచ్చి కూర్చోవడం మానలేదు. మొదట్లో విసుగొచ్చి రెండుసార్లు మగ్గుతో నీళ్ళు కొట్టాను. ఆ మాట రాయాలంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది గానీ, కొట్టిన మాట నిజం.

మా అబ్బాయి ఇంజనీరింగ్ చదువుతున్నాడు. "అమ్మా, అది తాతయ్య కోసం రావట్లేదు, రస్కు కోసం వస్తోంది" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. కానీ ఎదురు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. కుక్క మనసులో ఏముందో నాకు మాత్రం ఏం తెలుసు? ఆ పంతంతోనే జపాన్‌లో హచికో అనే కుక్క కథ మొదటినుంచీ చదవడం మొదలుపెట్టాను. సినిమాగా చాలామంది చూసే ఉంటారు. 1987లో జపాన్‌లో తీశారు, 2009లో రిచర్డ్ గేర్‌తో అమెరికావాళ్ళు తీశారు. సినిమాలో లేనిది చాలా ఉంది.

హచి అంటే జపాన్ భాషలో ఎనిమిది. చివర "కో" అన్నది ముద్దుకీ మర్యాదకీ కలిపి తగిలించింది. 1923 నవంబరులో, అకితా ప్రాంతంలో ఒదాతే దగ్గర పుట్టింది. మర్నాటి ఏడాది జనవరిలో, ఇంకా పాలు మరిచీ మరవని పిల్లని రైల్లో టోక్యో పంపారు. తెప్పించుకున్నాయన హిదెసబురో ఉఏనో, టోక్యో ఇంపీరియల్ యూనివర్సిటీలో వ్యవసాయ శాఖ ప్రొఫెసరు. పొలాల్లో నీటి పారుదల, మురుగు పోయే కాలవలు, మడులు సరిచేయడం ఆయన చదువు. ఆయన కాలేజీకి నడిచి వెళ్ళే రోజుల్లో కుక్క కాలేజీ గేటు దాకా, రైలెక్కే రోజుల్లో షిబుయా స్టేషన్ దాకా వెంట వెళ్ళేది. 1925 మే 21న ఆయన యూనివర్సిటీలోనే మెదడులో రక్తస్రావమై పోయారు. వయసు 53. అంటే హచి ఆయనతో గడిపింది లెక్క చూస్తే పదహారు నెలలే. ఎదురుచూసింది మాత్రం దాదాపు పదేళ్ళు.

ఇక్కడ నేను ఆగిపోయాను. ఆయన పోయాక ఆ ఇల్లు ఏమైంది? ఇంట్లో ఎవరూ లేరా?

ఉన్నారు. ఆవిడ పేరు యాఎకో. ఉఏనోతో దాదాపు పదేళ్ళు కాపురం చేసింది. అయితే వాళ్ళ పెళ్ళి కాగితాల మీద నమోదు కాలేదు. మనిషి పోగానే, చట్టం లెక్కలో ఆవిడ ఎవరూ కాకుండా పోయింది. షిబుయాలో ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. తనకే నీడ లేనప్పుడు అంత పెద్ద కుక్కని ఏం చేస్తుంది? తెలిసినవాళ్ళ ఇళ్ళల్లో పెట్టారు. ఒకచోట కుదరక ఇంకోచోటికి, అక్కణ్ణుంచి మళ్ళీ ఆవిడ దగ్గరికే వచ్చింది. అప్పటికి ఆవిడ సెతగాయా అనే చోట ఉండేది. అక్కడ చుట్టుపక్కల పొలాల్లో పడి పైరు తొక్కుతోందని తగాదాలు వచ్చాయంటారు. చివరికి 1927లో కొబయాషి అనే తోటమాలికి అప్పగించింది. పూర్వం ఉఏనోగారి ఇంటి తోటపని చేసినవాడే, షిబుయాకి దగ్గర్లో ఉండేవాడు. ఆ ఇంట్లో తిండికి లోటు లేదు, కొట్టినవాళ్ళు లేరు. అయినా అది రోజూ స్టేషన్‌కి వెళ్ళడం మొదలుపెట్టింది.

స్టేషన్‌లో దానికి మర్యాదలేమీ జరగలేదు. వచ్చేపోయేవాళ్ళకి అడ్డమని సిబ్బంది తరిమేవారు, పిల్లలు మొహం మీద రంగు పూసి ఏడిపించేవారు. ఎడమ చెవి వాలిపోయింది. ఇప్పటికీ విగ్రహంలో ఆ చెవి వాలే ఉంటుంది. ఉఏనో పోయి ఏడేళ్ళు గడిచాక, జపాన్ దేశవాళీ కుక్కల్ని కాపాడాలని సంఘం పెట్టిన హిరొకిచి సైతో అనే ఆయన పత్రికకి రాశాడు. 1932 అక్టోబరులో అసాహి పత్రికలో హచి కథ వచ్చింది. అంతే, నిన్నటి దాకా మగ్గుతో నీళ్ళు కొట్టినవాళ్ళు (నాకు అలాగే తోచింది మరి) మర్నాటినుంచి బతిమాలి తినిపించడం మొదలుపెట్టారు. 1934 ఏప్రిల్లో స్టేషన్ ముందు కంచు విగ్రహం పెడితే, ఆ ఆవిష్కరణకి హచి స్వయంగా హాజరైంది. తన విగ్రహం తానే చూసుకునే యోగం మనుషుల్లో కూడా ఎంతమందికుంటుంది!

ఆ వెంటనే బడిపుస్తకాల్లోకీ ఎక్కింది. 1935లో జపాన్ చిన్నపిల్లల నీతి వాచకంలో హచి పాఠం పెట్టారు. దాని పేరుకి అర్థం "చేసిన మేలు మరవకు" అని. మన "తిన్న ఉప్పుకి విశ్వాసం" లాంటిదే. అవి జపాన్ సైన్యం మాట బాగా చెల్లుతున్న రోజులు. ప్రభువుకి, దేశానికి ప్రాణమిచ్చే విధేయత కావాలి. అందుకు మూగజీవి దొరికితే అంతకంటే సుళువు ఏముంది, అది "నేనందుకు కూర్చోలేదు బాబూ" అనలేదు కదా. తమాషా ఏమిటంటే, ఆ యుద్ధానికే లోహం కావాలని విగ్రహాన్ని 1944లో తీసేసి, తర్వాత కరిగించేశారు. చెక్కిన తెరు అందో కూడా 1945లో బాంబు దాడుల్లో పోయాడు. ఇప్పుడు షిబుయాలో జనం ఫోటోలు దిగేది 1948లో ఆయన కొడుకు తకెషి చేసిన విగ్రహం దగ్గర.

ఇక మా అబ్బాయి ప్రశ్న. ఇది వాడు కొత్తగా కనిపెట్టిందేమీ కాదు, తొంభై ఏళ్ళ కిందటే అక్కడివాళ్ళు అన్నారు. స్టేషన్ ముందు సాయంత్రాలు పుల్లకి గుచ్చి కాల్చిన కోడిమాంసం అమ్మే బళ్ళుండేవి. వాటికోసమే హచి వచ్చేదని కొందరి వాదన. 1935 మార్చి 8న అది వీధిలో చనిపోయి కనిపించాక కోసి చూస్తే కడుపులో ఆ పుల్లలు దొరికాయి కూడా. కానీ చావుకి కారణం అవి కాదు. దాచి ఉంచిన అవయవాల్ని 2011లో మళ్ళీ పరీక్షించి, గుండెకి, ఊపిరితిత్తులకి కాన్సర్ ఉందని, గుండెలో పురుగుల జబ్బూ ఉందని తేల్చారు. ఆ జబ్బులతోనే చివరిదాకా నడిచి వచ్చిందన్నమాట.

మాంసం కోసమే అయితే, పత్రికలో పడకముందు, తన్నులు తిన్న ఏళ్ళల్లో ఎందుకొచ్చింది? ఇది నా వాదన. మా అబ్బాయి దీనికి కాసేపు ఆలోచించి, "ఏదో ఒకటి దొరికేదేమోలే" అన్నాడు. లాయర్ చదవాల్సినవాడు.

కుక్కల మనసు గురించి ఈమధ్య శాస్త్రవేత్తలు చేసిన పనులు కొన్ని చదివాను. అర్థమైనంత చెబుతాను. అమెరికాలో ఎమరీ యూనివర్సిటీలో గ్రెగరీ బర్న్స్ అనే ఆయన, కుక్కలకి మెలకువగా ఉండగానే స్కానింగ్ యంత్రంలో కదలకుండా పడుకోవడం నేర్పారు. మా ఇంట్లో మనుషులకే ఎమ్మారై అంటే వణుకు! పన్నెండు కుక్కలకి రకరకాల వాసనలు చూపించారు: సొంత వాసన, తెలిసిన కుక్క, తెలియని కుక్క, తెలియని మనిషి, తమ ఇంటి మనిషి. ఏదో మంచి జరగబోతోందనే ఆశకి సంబంధించిన మెదడు భాగం, అన్నిటికంటే ఎక్కువగా ఇంటి మనిషి వాసనకే స్పందించింది. ఆ మనిషి ఆ గదిలో కూడా లేడు.

జపాన్‌లోనే అజబు యూనివర్సిటీ వాళ్ళు 2015లో ఇంకోటి చూపించారు. కుక్క, దాని యజమాని ఒకరి కళ్ళల్లోకి ఒకరు చూసుకుంటే ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ పెరుగుతుందట. పసిబిడ్డకి పాలిచ్చేటప్పుడు తల్లి ఒంట్లో ఊరేది అదే. మనుషులు పెంచిన తోడేళ్ళలో మాత్రం ఇది కనిపించలేదు. 2022లో, ఇంటి మనిషి చాలాసేపటికి తిరిగి వస్తే కుక్క కళ్ళల్లో నీరు ఎక్కువవుతుందని కూడా కొలిచి చెప్పారు. తెలిసిన వేరే మనిషి వస్తే అలా అవలేదు.

నన్ను బాగా పట్టుకున్నది మాత్రం స్వీడన్‌వాళ్ళు 2011లో ప్రచురించిన చిన్న పరిశీలన. కుక్కల్ని ఇంట్లో ఒంటరిగా అరగంట, రెండు గంటలు, నాలుగు గంటలు వదిలి చూశారు. రెండు గంటల తర్వాత వచ్చిన యజమానిని, అరగంటకే వచ్చినప్పటికంటే ఎక్కువ సంబరంగా పలకరించాయి. రెండు గంటలకీ నాలుగు గంటలకీ పెద్ద తేడా లేదు. అంటే వాటికి "ఆలస్యమైంది" అని తెలుస్తుంది, ఎంత ఆలస్యమో మనలా లెక్కపెట్టుకోవేమో. అలా అయితే హచికి పదేళ్ళు అన్న లెక్కే లేదు. ప్రతి సాయంత్రమూ ఆ ఒక్క సాయంత్రమే, ఆయన కాస్త ఆలస్యంగా వస్తున్న సాయంత్రం. ఇది శాస్త్రవేత్తలన్నది కాదు, నేను అనుకున్నది. అనుకున్నాక ఆ రాత్రి సరిగా నిద్రపట్టలేదు.

మనవాళ్ళు కుక్కని మరీ చిన్నచూపు చూశారని బియ్యేలో ఉండగా అనుకునేదాన్ని. సుమతీ శతకంలో బంగారు గద్దె మీద కూర్చోబెట్టినా దానికి బుద్ధి రాదన్నారు కదా. కానీ మన భారతం మొదలయ్యేదీ ముగిసేదీ కుక్కతోనే. ఆదిపర్వంలో జనమేజయుడి తమ్ములు ఏ తప్పూ చేయని కుక్కపిల్లని కొడితే, దాని తల్లి సరమ నిండు సభలాంటి యాగశాలకి వచ్చి రాజునే నిలదీస్తుంది. చివర్లో ధర్మరాజు వెంట వచ్చిన కుక్కని వదిలి స్వర్గానికి రానంటాడు. కన్నడ దేశంలో మండ్య జిల్లా ఆతకూరులో అయితే కుక్కకి వీరగల్లే ఉంది. 949లో తక్కోలం యుద్ధంలో చోళ రాజకుమారుడు రాజాదిత్యుణ్ణి గంగరాజు బూతుగుడు చంపాడు. ఆ పోరులో పరాక్రమం చూపిన మణలెరుణ్ణి ఏం కావాలో కోరుకోమంటే, రాజుగారి వేటకుక్క కాళిని ఇమ్మన్నాడట. ఊళ్ళు అడగలేదు, బంగారం అడగలేదు. తర్వాత కాళి అడవిపందితో పోరాడి, దాన్ని చంపి తానూ చచ్చిపోతే, గుడి ముందు రాయి వేయించి, పూజకి భూమి రాసిచ్చాడు. ఆ రాయి ఇప్పుడు బెంగళూరు మ్యూజియంలో ఉంది. వెయ్యేళ్ళ పైమాట.

మళ్ళీ యాఎకో దగ్గరికి వస్తాను, నా మనసంతా ఆవిడ మీదే ఉంది. తోటమాలి ఇంటికి పంపేశాక కూడా ఆవిడ అప్పుడప్పుడు చూడ్డానికి వెళ్తే హచి సంతోషంతో ఎగిరిగంతులేసేదని చెబుతారు. స్టేషన్ దగ్గర కుక్క కోసం జనం కన్నీళ్ళు పెట్టుకున్నారు, చందాలు పోగుచేశారు. ఆవిడ కూడా ఎదురుచూసే మనిషే కదా, ఆవిడకి విగ్రహం మాట దేవుడెరుగు, ఆయన సమాధి పక్కన చోటు కూడా లేకపోయింది. హచికి అఒయామా శ్మశానంలో ఉఏనో పక్కనే గుర్తు కట్టారు. యాఎకో 1961లో పోయింది. ఆయన పక్కనే తనని ఉంచమన్నది ఆవిడ కోరిక. అది తీరింది 2016 మేలో, టోక్యో యూనివర్సిటీ ప్రొఫెసరు ఒకాయన పాత సంగతులు తవ్వి తీసి పూనుకుంటే. అంతకు ముందు ఏడాదే ఆ యూనివర్సిటీ ఆవరణలో, ఊరినుంచి తిరిగొచ్చిన ఉఏనో మీదకి హచి ఎగబడుతున్నట్టు విగ్రహం పెట్టారు. అందులోనూ ఆవిడ లేదు.

ఇదంతా చదువుతున్న రోజుల్లోనే గమనించాను. మా గేటు ముందునుంచి వెళ్ళేవాళ్ళు ఆ కుక్కని చూసి "పాపం, ఎంత విశ్వాసమో!" అంటారు. ఒకమ్మాయి వీడియో కూడా తీసుకుంది. లోపల మా అత్తయ్యగారు, యాభై రెండేళ్ళు ఆయనతో కాపురం చేసినావిడ, రోజూ సాయంత్రం "అయిదయిందా?" అని అడుగుతారు. ఎందుకని మాలో ఎవరం అడగలేదు.

హచి పోయిన రోజు తీసిన ఫోటో ఒకటుంది. స్టేషన్ గదిలో కుక్కని పడుకోబెట్టి, చుట్టూ ఉద్యోగులు తలలు వంచుకుని ఉంటారు. ముందు వరసలో ఒక ఆడమనిషి. ఫోన్‌లో పెద్దది చేసి అత్తయ్యగారికి చూపించాను.

"ఈవిడెవరమ్మా?" అన్నారు.

"ఆ ప్రొఫెసరుగారి భార్యండీ" అన్నాను. కాగితాల సంగతి చెప్పలేదు. తర్వాత అడిగితే అదీ చెప్పాను, 2016 సంగతీ చెప్పాను.

"అరవై ఒకటి నుంచి పదహారు దాకానా? యాభై అయిదేళ్ళు!" అని వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, ఫోన్ నా చేతిలో పెట్టేశారు. కాసేపటికి డబ్బాలోంచి రస్కు తీసుకుని మెల్లిగా గేటు దగ్గరికి వెళ్ళారు. అయిదింటికి ఇంకా పది నిమిషాలుంది.