వినేవారి వాటా: ముఖాముఖి సంభాషణలో మూస అభిప్రాయాల పని

వాల్టర్ లిప్‌మన్ 1922లో ‘పబ్లిక్ ఒపీనియన్’ రాసినప్పటి నుంచీ మూస అభిప్రాయాన్ని మనసులో ముద్రపడిన బొమ్మగా చర్చిస్తూ వచ్చాం. బొమ్మ తప్పయితే వాస్తవం చూపించి దిద్దవచ్చన్న ఆశ ఆ చర్చలో ఉంది. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే చోట ఆ ఆశ నిలవదు. వినేవారి అంచనా ఎదుటివారి ప్రవర్తనను మారుస్తుంది, మారిన ఆ ప్రవర్తనే అంచనాకు రుజువవుతుంది.

దీన్ని స్పష్టంగా చూపినవి అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో కార్ల్ వర్డ్, మార్క్ జానా, జోయెల్ కూపర్ చేసి 1974లో ప్రచురించిన రెండు ప్రయోగాలు. మొదటిదాంట్లో తెల్లజాతి విద్యార్థులు నల్లజాతి, తెల్లజాతి అభ్యర్థులను ఇంటర్వ్యూ చేశారు. అభ్యర్థులందరికీ ఒకే తీరులో జవాబు చెప్పేలా ముందే తర్ఫీదు ఇచ్చారు. అయినా నల్లజాతి అభ్యర్థి ముందు ఇంటర్వ్యూ చేసేవారు దూరంగా కూర్చున్నారు, మాటల్లో ఎక్కువగా తడబడ్డారు, దాదాపు 25 శాతం తక్కువ సమయంలో ముగించారు. అసలు విషయం రెండో ప్రయోగంలో ఉంది. ఈసారి అభ్యర్థులందరూ తెల్లవారే. వారిలో కొందరిని, మొదటి ప్రయోగంలో నల్లవారికి దక్కిన పద్ధతిలోనే ఇంటర్వ్యూ చేయించారు. వారి జవాబులు పేలవమయ్యాయి, వారూ దూరం జరిగి కూర్చున్నారు. ఏ జాతి మనిషైనా ఆ కుర్చీలో అలాగే తడబడతాడన్నమాట. ప్రయోగాలు చిన్నవి, ఒకే విశ్వవిద్యాలయానివి. అయినా కారణాన్ని అభ్యర్థి నుంచి విడదీసి వినేవారి వైపు నిలబెట్టిన ఆ పద్ధతికి విలువ తగ్గదు.

వినేవారు అసలు మాట్లాడకపోయినా ఇది జరగవచ్చు. కార్లా హాఫ్, ప్రియాంక పాండే ఉత్తరప్రదేశ్‌లో 6, 7 తరగతుల బాలురకు చిక్కుదారుల పజిళ్లు ఇచ్చారు. కులం బయటపెట్టనప్పుడు దళిత బాలురు అగ్రకులాల పిల్లలకు దీటుగా చేశారు. అందరి ముందూ పేరుతో పాటు కులం చదివి వినిపించాక వెనుకబడ్డారు. మన దగ్గర కులం అడగాల్సిన పని కూడా లేదు. పరిచయం మొదలవుతూనే “మీదే ఊరు? ఇంటిపేరేమిటి?” అన్న రెండు ప్రశ్నలు ఆ పని చేసేస్తాయి.

తెలుగులో మాట తీరుకూ ఈ భారం ఉంది. కృష్ణా, గుంటూరు, గోదావరి ప్రాంతాల చదువుకున్నవారి మాట పాఠ్యపుస్తకాలకూ పత్రికలకూ ప్రమాణమైంది. సినిమా చాలాకాలం తెలంగాణ యాసను రౌడీలకూ హాస్యపాత్రలకూ కేటాయించింది. ఆ వినికిడి అలవాటుతో ఇంటర్వ్యూలో కూర్చున్న అధికారి ముందు, నోటి దాకా వచ్చిన ‘పోయినం’ను ‘వెళ్లాం’గా మార్చుకోవడానికి అభ్యర్థి అర క్షణం ఆగుతాడు. ఆ విరామాన్ని విషయం తెలియకపోవడంగా లెక్కగట్టడం నా దృష్టిలో అన్యాయం. 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడి, కవి కాళోజీ పుట్టినరోజైన సెప్టెంబరు 9 తెలంగాణ భాషా దినోత్సవమైంది. గౌరవం పెరిగింది, నిజమే. అయితే వేదిక మీద దక్కిన గౌరవం ఇంటర్వ్యూ గదిలోనూ దక్కుతోందా అన్నది వేరుగా కొలవాలి.

కొలిచే దారి ఉంది. 1960లో వాలెస్ లాంబర్ట్ బృందం మాంట్రియల్‌లో ద్విభాషా వక్తలతో ఒకే పాఠాన్ని ఫ్రెంచ్‌లో, ఇంగ్లీషులో చదివించి, గొంతులను బట్టి ఆ మనుషులను అంచనా వేయమని శ్రోతలను అడిగింది. ఇంగ్లీషు గొంతుకే ఎక్కువ మార్కులు పడ్డాయి, ఫ్రెంచ్ మాతృభాషగా ఉన్న శ్రోతలు సైతం అలాగే వేశారు. కరీంనగర్, శ్రీకాకుళం, కడప, విజయవాడ మాటల్లో రెండేసి వచ్చినవారితో తెలుగులోనూ ఇది చేయవచ్చు. దానికి తోడు నిజమైన ఇంటర్వ్యూలను అనుమతితో రికార్డు చేసి, ప్రశ్న అడిగినవారు ఎంతసేపు ఆగారో, ఎన్నిసార్లు మధ్యలో అడ్డుపడ్డారో లెక్కించాలి. సంభాషణ నైపుణ్యాల శిక్షణ ఇప్పుడు ప్రధానంగా అభ్యర్థులకే అందుతోంది. ఆ లెక్కలు చేతికొస్తే అదే శిక్షణను ఎంపిక మండలి సభ్యులకూ తప్పనిసరి చేయాలని అడగవచ్చు.