లెక్క ఎక్కడ తప్పింది?

1901 వేసవి. అమెరికాలో నార్త్ కరొలైనా తీరాన కిల్ డెవిల్ హిల్స్ ఇసుక దిబ్బల మీద రైట్ సోదరులు కొత్త గ్లైడర్ ఎగరేశారు. రెక్కల పొడవు 22 అడుగులు, వైశాల్యం 290 చదరపు అడుగులు. అంత పెద్ద గ్లైడర్‌ను అప్పటిదాకా ఎవరూ ఎగరేయలేదు. తీరా చూస్తే, కాగితం మీద వేసుకున్న లిఫ్ట్‌లో అది సుమారు మూడో వంతే ఇచ్చింది.

లిఫ్ట్ అంటే రెక్కను పైకి లేపే బలం. దాన్ని కట్టే సూత్రం అప్పటికే ఉంది: గాలి వేగపు వర్గాన్ని రెక్క వైశాల్యంతో గుణించి, మరో రెండు అంకెలతో హెచ్చించాలి. మొదటిది గాలి ఒత్తిడి గుణకం 0.005. ఇంగ్లండు ఇంజినీరు జాన్ స్మీటన్ 1759లో గాలిమరల మీద రాసిన వ్యాసంతో అది వాడుకలోకి వచ్చింది. రెండోది రెక్క ఆకారాన్ని, గాలికి అది వాలిన కోణాన్ని బట్టి మారుతుంది. దాన్ని ఒట్టో లిలియెంతాల్ పట్టిక నుంచి తీసుకున్నారు. జర్మనీలో ఎన్నో గ్లైడర్లు ఎగరేసిన ఆయన 1896లో వాటిలో ఒకదాని నుంచే పడి చనిపోయాడు. సోదరుల అనుమానం ముందు ఆయన పట్టిక మీదికే పోయింది.

తేల్చుకోవడానికి డేటన్‌లోని తమ సైకిల్ షాపులో ఆరడుగుల చెక్క పెట్టె కట్టారు. దాని మూతి 16 అంగుళాల చదరం, ఒక చివర ఫ్యాను. హాక్సా బ్లేడు ముక్కలు, సైకిల్ చువ్వల తీగలతో త్రాసు చేసి లోపల పెట్టారు. వాళ్ల తెలివంతా ఆ త్రాసులోనే ఉంది. చిన్న రేకు రెక్క లిఫ్ట్‌ను అది అదే గాలిలో ఉన్న చదును రేకుల మీది ఒత్తిడితో సరితూచేది. కాబట్టి గాలి వేగంతో గాని, స్మీటన్ అంకెతో గాని పనే లేదు. ఆ ఏడాది చివరికి దాదాపు 200 ఆకారాలు పరీక్షించారు.

లిలియెంతాల్ పట్టిక ఆయన రెక్క వరకు చాలావరకు సరైనదేనని తేలింది. వేరే ఆకారపు రెక్కకు దాన్ని వాడటమే పొరపాటు. అంతకుమించిన దోషం గుణకంలో ఉంది. అంతకుముందే కొందరు శంకించినా పుస్తకాల్లో 0.005 చెలామణి అవుతూనే వచ్చింది. రైట్ సోదరులకు వచ్చిన విలువ సుమారు 0.0033. ఆ పాత అంకె ఒక్కటే లిఫ్ట్‌ను ఒకటిన్నర రెట్లు చేసి చూపింది.

పొట్టిగా వెడల్పుగా ఉన్న రెక్క కన్నా పొడవుగా సన్నగా ఉన్నది మేలని కూడా పెట్టె చెప్పింది. అందుకే 1902 గ్లైడర్ రెక్క పొడవు 32 అడుగులు, వెడల్పు ఐదడుగులు. అది లెక్క ప్రకారమే లేచింది. ప్రొపెల్లర్ కూడా తిరిగే రెక్కేనని గ్రహించి, దాన్నీ ఆ కొలతలతోనే చెక్కారు. 1903 డిసెంబరు 17న ఇంజిను విమానం తొలిసారి 12 సెకన్లు ఎగిరింది.

అసలు రెక్క ఎందుకు లేస్తుంది? వంపు తిరిగిన రెక్క గాలిని కిందికి మళ్లిస్తుంది, ఆ గాలి రెక్కను పైకి నెడుతుంది. ఆ నెట్టుడే రెక్క కింద ఎక్కువ ఒత్తిడిగా, పైన తక్కువ ఒత్తిడిగా కనబడుతుంది. పైనుంచి, కిందనుంచి పోయిన గాలి చివర ఒకేసారి కలవాలన్న నియమమేదీ లేదు. నిజానికి పైదే ముందు చేరుతుంది. దీని గణితాన్ని జర్మనీలో కుట్టా 1902లో మొదలుపెడితే, రష్యాలో జుకోవ్‌స్కీ 1906లో సాధారణ సిద్ధాంతంగా నిలబెట్టాడు. అప్పటికి విమానం ఎగిరి మూడేళ్లు కావస్తోంది. సిద్ధాంతం చేతికి రాకముందే సరైన కొలత దాన్ని పైకి లేపింది.