మీగాలు కొలిచి అమ్మే బూటు

కౌబాయ్ బూటుకు లేసులుండవు. గుర్రం మీద నుంచి పడినవాడి కాలు రికాబులో చిక్కుకుంటే గుర్రం వాణ్ణి ఈడ్చుకుపోతుంది. అప్పుడు బూటు అక్కడే ఉండిపోయినా కాలు ఊడి రావాలి. మొన తేలిన ముందుభాగం రికాబులోకి సులువుగా దూరడానికి, ఎత్తు మడమ కాలు ముందుకు జారకుండా ఆపడానికి. లేసు లేదు గనక బిగించుకోవడం, వదులు చేసుకోవడం కుదరదు. మీగాలిని తోలు ఒడిసిపట్టుకుంటేనే బూటు నిలుస్తుంది. ఈ బూటు కొనడంలో, అమ్మడంలో ఉన్న చిక్కంతా అక్కడే ఉంది.

అంతర్యుద్ధం ముగిశాక టెక్సస్ నుంచి కాన్సస్ రైలు స్టేషన్లకు పశువుల మందలను తోలుకెళ్లేవారు. ఆ దారిలోనే, రెడ్ రివర్ ఒడ్డున ఉన్న స్పానిష్ ఫోర్ట్ అనే ఊళ్లో 1879లో హెచ్.జె. జస్టిన్ బూట్లు కుట్టడం మొదలుపెట్టాడు. ఆ ఊరి మంగలి అప్పిచ్చిన 35 డాలర్లే పెట్టుబడి అంటారు. కౌబాయ్‌లు మందతో వెళ్తూ కొలతలిచ్చి, తిరుగుదారిలో బూట్లు తీసుకునేవారు. పక్కనున్న నొకోనాకు రైలు వచ్చాక 1889లో జస్టిన్ అక్కడికి మారాడు. ఎవరి కొలతలు వాళ్లే తీసుకుని పంపేలా ఒక సరంజామా తయారుచేసి టపాలో పంపడం మొదలుపెట్టాడు. కొనేవాడు ఇంట్లోనే టేపు పట్టి పాదం, మీగాలు, పిక్క కొలిచి రాసి పంపితే బూట్లు రైల్లో వచ్చేవి. నడుమ దుకాణదారు లేని వ్యాపారం నిన్నమొన్నటి ఆలోచన కాదని చెప్పడానికే ఇదంతా.

తర్వాత కాలం ఫ్యాక్టరీలది, దుకాణాలది. 1925లో జస్టిన్ కొడుకులు కంపెనీని ఫోర్ట్‌వర్త్‌కు తరలిస్తే, కూతురు ఈనిడ్ నొకోనాలోనే ఉండి సొంత కంపెనీ పెట్టింది. ఆమె తెగువ గురించి వేరే వ్యాసమే రాయాలి. ఇంటి నుంచి కొలతలు పంపే అలవాటు తగ్గి, జనం దుకాణానికి వెళ్లి తొడిగి చూసుకుని కొనసాగారు. ఒక్కో మోడల్‌ను అన్ని సైజుల్లో, అన్ని వెడల్పుల్లో అరల నిండా ఉంచాలి. ఆ సరుకు మీద పెట్టుబడి, అద్దె, దుకాణదారు లాభం అన్నీ బూటు ధరలోకే చేరేవి.

2015లో ఆస్టిన్‌లో పాల్ హెడ్రిక్ టెకోవాస్‌ను ఇంటర్నెట్లో మాత్రమే అమ్మే కంపెనీగా ప్రారంభించాడు. ఆయన బూట్లు కుట్టే కుటుంబం నుంచి వచ్చినవాడు కాదు, వ్యాపార సలహాల రంగం నుంచి వచ్చాడు. కుట్టుపని మెక్సికోలోని లియోన్‌లో. అది తరతరాలుగా చెప్పుల పనికి పేరున్న ఊరు. మోడళ్లు కొన్నే, దుకాణం వాటా లేదు, ధర రెండొందల డాలర్ల దగ్గర మొదలైంది. లియోన్ పనివాళ్ల నైపుణ్యాన్ని దాచకుండా గొప్పగా చెప్పుకోవడం నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి.

మీగాలి చిక్కు మాత్రం తీరలేదు. సరిపోకపోతే ఉచితంగా మార్చుకోవచ్చని హామీ ఇచ్చారు. కొత్త బూటులో మడమ కాస్త లేవడం సహజమేననీ, వాడేకొద్దీ అట్ట మెత్తబడి సర్దుకుంటుందనీ, మీగాలి దగ్గర వదులుంటే మాత్రం సైజు మార్చాల్సిందేననీ కొనేవాడికి తెలియాలి. దుకాణంలో ముసలి సేల్స్‌మన్ మోకాలి మీద కూర్చుని చెప్పే ఈ మాటలన్నీ వెబ్‌సైటులోకి చేరాయి. పశ్చిమ దుస్తుల దుకాణంలో ఎన్నడూ అడుగు పెట్టని నగరవాసికి, అడగడానికి మొహమాటపడేవాడికి దీంతో దారి తెరుచుకుంది. పాత కంపెనీలు కూడా తమ సైట్లలో నేరుగా అమ్ముతున్నాయి. దానితో ఏళ్ల తరబడి తమ సరుకు అమ్మిపెట్టిన దుకాణాలకే అవి పోటీ అయ్యాయి. చిన్న ఊళ్ల దుకాణదారుల బాధ న్యాయమైనదే.

అయినా తొడిగి చూసుకోవాలనే కోరిక పోలేదు. 2019లో టెకోవాస్ ఆస్టిన్‌లోని సౌత్ కాంగ్రెస్ వీధిలో తన మొదటి దుకాణం తెరిచింది. ఆ తర్వాత అలాంటివి పదుల సంఖ్యలో వెలిశాయి.