రిచర్డ్‌సన్, డోరతీ మిల్లర్ (1873–1957)

డోరతీ మిల్లర్ రిచర్డ్‌సన్ ఆంగ్ల నవలాకర్త్రి. ఇరువదవ శతాబ్దపు ప్రథమ పాదమున ఆంగ్ల నవల బాహ్యఘటనల నుండి తన చూపును మరల్చి, వ్యక్తి యంతరంగమున క్షణక్షణము పుట్టి గిట్టు భావపరంపరపై నిలిపినప్పుడు, ఆ త్రోవను ఇంగ్లండులో మొట్టమొదట త్రొక్కినవారిలో ఈమె యొకతె. అయినను జేమ్స్ జాయిస్, వర్జీనియా వుల్ఫ్‌ల కృతులను ఆదరముతో చదివిన పెక్కుమంది ఈమె పేరైనను ఎరుగకపోవుట సాహిత్యచరిత్రలోని విచిత్రములలో నొకటి. ఈమె జీవితకృషి యంతయు ‘పిల్‌గ్రిమేజ్’, అనగా తీర్థయాత్ర, అను ఒక్క మహానవలయందే ఇమిడియున్నది. పదుమూడు భాగముల ఈ నవలను ఈమె 1915 మొదలు ప్రకటించుచు వచ్చి, కడపటి భాగమును తుదిముట్టింపకయే మరణించెను.

ఈమె 1873 మే 17వ తేదీన ఆబింగ్‌డన్ పట్టణమున జన్మించెను. తండ్రి చార్లెస్ రిచర్డ్‌సన్ వంశపారంపర్యముగ వచ్చిన కిరాణా వ్యాపారమును అమ్మివైచి, ఆ సొమ్ముతో పెద్దమనిషివలె కాలము వెళ్ళబుచ్చదలచినవాడు. ఆ ముచ్చట 1893లో దివాలాతో తీరెను. నలుగురు కూతుళ్ళలో మూడవదియైన డోరతీ అంతకు మునుపే, 1891లో, జర్మనీలోని హానోవరు నగరమున నొక బాలికాపాఠశాలలో ఉపాధ్యాయినిగ చేరి తన పొట్ట తాను పోసికొనుట నేర్చినది. 1895లో మనోవ్యాధిగ్రస్తయైన తల్లిని వెంటబెట్టుకొని హేస్టింగ్స్ సముద్రతీరమునకు గాలిమార్పునకై పోగా, అచట ఆ తల్లి ఆత్మహత్య చేసికొనెను. మరుసటి యేడు ఈమె లండను చేరి, బ్లూమ్స్‌బరీలో ఒక యింటి అటకగదిలో అద్దెకు దిగి, హార్లీ వీథిలోని దంతవైద్యశాలలో వారమునకొక పౌను జీతముపై పనికి కుదిరెను. ఈ బ్రతుకే, ఇంచుమించు ఈ వరుసనే, నవలలో కథానాయిక మిరియమ్ హెండర్సన్ బ్రతుకైనది.

కావున కథకై ఈ గ్రంథమును తెరచువారికి ఆశాభంగము తప్పదు. ఒక పడుచు ఉద్యోగములు మారుచుండును, ఊళ్ళు మారుచుండును, కొందరిని ప్రేమించును, ఎవరిని పెండ్లాడదు. తుదకు రచయిత్రి యగుటకు సిద్ధపడును. అంతే కథ. కాని పూర్వ నవలాకారులు పాత్రను రంగమునకు తెచ్చుటకు ముందు దాని రూపురేఖలను, కులగోత్రములను, గుణదోషములను ఏకరువు పెట్టుచుండగా, రిచర్డ్‌సన్ అట్టి పరిచయమునకు బొత్తిగ స్వస్తి చెప్పెను. మిరియమ్ కంటబడనిది పాఠకుని కంటబడదు. ఆమె చెవిసోకనిది అతనికి వినరాదు. క్రొత్తమనిషి పేరు మాటలనడుమ తటాలున వినవచ్చును, ఆ మనిషి యెవరో పదిపుటలకుగాని తెలియదు. వాక్యము ‘ఆమె’ అని మొదలై, ఉన్నట్టుండి ‘నేను’ అని మారి, మరల ‘ఆమె’ అగును. రచయిత్రి గొంతు నడుమ నడుమ వచ్చి తీర్పులు చెప్పుట యన్నది లేనేలేదు.

1913లో కారన్‌వాల్‌లో పూర్తియైన తొలి భాగము ‘పాయింటెడ్ రూఫ్స్’, విమర్శకుడగు ఎడ్వర్డ్ గార్నెట్ సిఫార్సుపై 1915లో డక్‌వర్త్ సంస్థచే వెలువడెను. జర్మనీతో ఘోరయుద్ధము సాగుచున్న ఆ దినములలో జర్మను సంగీతమును, జర్మను బాలికల సౌహార్దమును ప్రీతితో చిత్రించిన నవలను ప్రకటించుట సాహసమే యనవలెను. ఉత్తరలండను పాఠశాలలోని కొలువు ‘బ్యాక్‌వాటర్’ (1916)కు, ధనవంతుల యింట పిల్లలకు చదువుచెప్పు కొలువు ‘హనీకోమ్’ (1917)కు వస్తువులైనవి. నా దృష్టిలో ఈ రెండును సన్నాహములు మాత్రమే. రచయిత్రి చేయి పూర్తిగ తిరిగినది 1919లో వచ్చిన ‘ది టనెల్’ అను నాలుగవ భాగమునందే.

బరువైన సంచి మోసికొని అద్దెగదిని చూడ మెట్లెక్కుచున్న మిరియమ్‌తో ఆ భాగము ఆరంభమగును. ఇరుకైన ఆ గది దరిద్రమునకు గురుతుగ గాక, తలుపు మూసికొనిన తరువాత ఎవరి యధికారమును చెల్లని రాజ్యముగ ఆమెకు తోచును. దంతవైద్యశాలలోని ఒక్క పనిదినము, రోగి లేచిపోయినంతనే పరికరములను కడిగి తుడిచి వరుసపెట్టు ఆ విసుగుపుట్టించు చాకిరితో సహా, పుటలకు పుటలు నిండును. ఒక చోట మిరియమ్ ఏదో ధ్యాసలో నడచిపోవుచు, ఒక వీథిలో టీట్జెన్ కంపెనీ టీ దుకాణపు పలక కనబడగానే నిలువున కంపించును. ‘హనీకోమ్’ చివర తల్లి మరణమును రచయిత్రి నోరుతెరచి చెప్పలేదు. శోకము పొగమంచువలె క్రమ్మిన కొన్ని వాక్యములతో పుస్తకమును ముగించినది. చెప్పక దాచిన ఆ దుఃఖము ఏమరుపాటున ఉన్న మనసును ఈ దుకాణపు పలకవద్ద పట్టుకొనును. అంతఃకరణ చిత్రణమున ఇంతటి నేర్పు ఆనాటికి ఆంగ్లనవలలో అరుదు.

‘ఇంటరిమ్’ సైతము 1919లోనే వచ్చినది. దానిని అమెరికాలోని ‘లిటిల్ రివ్యూ’ పత్రిక జాయిస్ ‘యులిసిస్’తో పాటు ధారావాహికముగ ప్రకటించెను. రష్యా దేశపు యూదుడగు మైకేల్ షాటోవ్‌తో మిరియమ్ స్నేహము ‘డెడ్‌లాక్’ (1921)లో ప్రధానము. హైపో విల్సన్ అను రచయితతో సంబంధము ‘రివాల్వింగ్ లైట్స్’ (1923), ‘డాన్స్ లెఫ్ట్ హ్యాండ్’ (1931) భాగములలో వచ్చును. హైపో విల్సన్ మరెవరో కాదు, హెచ్. జి. వెల్స్, ఆయన భార్య డోరతీకి చిన్ననాటి బడి నేస్తము. వెల్స్ ప్రాభవమునకు లొంగకయే ఆయన వాగ్ధాటిని, దాని వెనుకనున్న అహమును ఆమె చిత్రించిన తీరు చదివి తీరవలసినది. ‘ది ట్రాప్’ (1925), స్విట్జర్లాండు మంచుకొండలనడుమ సాగు ‘ఓబర్లాండ్’ (1927), ‘క్లియర్ హొరైజన్’ (1935) అను భాగములు అంత పుష్టిగలవి కావు. క్వేకరు మతస్థుల యింట మిరియమ్ శాంతి నొందు ‘డింపుల్ హిల్’, 1938లో వచ్చిన నాలుగు సంపుటముల సంకలనమున చేరినది.

1918లో నవలాకర్త్రి మే సింక్లెయిర్ ‘ఈగోయిస్ట్’ పత్రికలో ఈమె నవలలను సమీక్షించుచు, మనశ్శాస్త్రపరిభాష నుండి ‘చైతన్యస్రవంతి’ అను మాటను వీనికి అన్వయించెను. తెలుగున రావిశాస్త్రి ‘అల్పజీవి’ని, నవీన్ ‘అంపశయ్య’ను గూర్చి మన విమర్శకులు వాడునది ఆ మాటయే. రిచర్డ్‌సన్‌కు మాత్రము అది ఎన్నడును రుచింపలేదు. స్త్రీస్వభావమునకు తగిన వాక్యమును ఈమె సృష్టించెనని వర్జీనియా వుల్ఫ్ 1923లో కొనియాడెను. ఈ జ్ఞాపకశక్తికి అన్నియు సమానమే, ఏది ముఖ్యమో తేల్చు వివేకము లేదని కేథరిన్ మాన్స్‌ఫీల్డ్ 1919లో ఆక్షేపించెను. ఆ యాక్షేపణను తోసివేయ వీలులేదు; ఎంతటి అభిమానికైనను ఓపిక సడలు పుటలు ఈ గ్రంథమున కలవు. కాని ఆడుదాని దినచర్యలో ఏది ముఖ్యమో నిర్ణయించు హక్కు ఎవరిదన్న ప్రశ్నకు మాన్స్‌ఫీల్డ్ యొద్ద సమాధానము లేదు.

ఈమె 1917లో తనకంటె పదునైదేండ్లు చిన్నవాడగు అలన్ ఓడల్ అను చిత్రకారుని వివాహమాడి, అనువాదములతోను పత్రికారచనతోను సంసారము నీదుకొని వచ్చెను. 1927 నుండి 1933 వరకు ‘క్లోజప్’ పత్రికలో చలనచిత్రములను గూర్చి వ్రాసిన వ్యాసములు నేటికిని తాజాగ నున్నవి. చాకిరితో అలసిసొలసిన తల్లులు చంటిపిల్లలతో పగటియాటకు వచ్చి తెరముందు సేదదీరుటను అందులో ఆమె చిత్రించెను. మాటలాడు చిత్రముల రాకను మాత్రము హర్షింపలేకపోయెను.

1957 జూన్ 17న ఈమె మరణించెను. అసంపూర్ణమైన ‘మార్చ్ మూన్‌లైట్’ 1967లోగాని అచ్చుకాలేదు. 1979లో విరాగో సంస్థ మరల ముద్రించిన పిమ్మట ఈమెకు క్రొత్త పాఠకులు లభించిరి. పదుమూడు భాగములు చదువు తీరికలేనివారు ‘హనీకోమ్’ తుది పుటలను, దాని వెంట ‘ది టనెల్’ను చదివినచో ఈమె శక్తి యెంతటిదో తెలియగలదు, తొలి భాగమును మాత్రము చదివి తీర్పు చెప్పుట న్యాయము కాదు.