కాగితాలకు ఓడిన సుమో

తెలుగు సినిమా చూసి పెరిగినవాడికి సుమో అంటే గాల్లోకి లేచే బండి. 1999లో ‘సమరసింహారెడ్డి’ ఆడిన తర్వాత కొన్నేళ్ళపాటు సీమ కథ అంటే చాలు, దుమ్ము రేపుకుంటూ వరసగా సుమోలు రావాల్సిందే, వాటిలో ఒకటో రెండో బాంబు దెబ్బకు పల్టీ కొట్టాల్సిందే. 2002లో ‘ఆది’ వచ్చేసరికి సుమో లేస్తేగానీ హాల్లో ఈల పడేది కాదు. తెర మీద అన్నిసార్లు పేలిన బండి బయట మాత్రం ఏ చప్పుడూ లేకుండా పోయింది. 2019లో టాటా కంపెనీ తయారీ ఆపేసింది. 1994లో పుట్టి పాతికేళ్ళు బతికిన బండి అది. పోయిందని చాలామందికి పోయిన తర్వాత ఎప్పుడో తెలిసింది.

పుట్టుక మాత్రం ఘనమైనదే. టాటావాళ్ళ టెల్కోను లారీల సామ్రాజ్యంగా నిలబెట్టిన సుమంత్ మూల్గావ్‌కర్ 1989లో కన్నుమూశారు. ఆయన పేరులోని ముక్కలు తీసి ఈ బండికి పెట్టారు. చూడడానికి కారు, లోపలంతా లారీకి కారు చొక్కా తొడిగిన వ్యవహారం. విడి ఛాసిస్, వెనక కమాన్ పట్టీలు, వెనక చక్రాలకే బలం, రెండు లీటర్ల లోపు డీజిల్ ఇంజను. టర్బో లేదు, పరుగూ లేదు. కానీ వెనక ఎదురెదురు బల్ల సీట్లతో పదిమందిని కూర్చోబెట్టేది. మనవాళ్ళు ఆ పదిని ఎప్పుడు లెక్క చేశారు గనక! మూడేళ్ళు తిరిగేసరికి లక్ష బండ్లు దాటాయి.

రాయవేలూరుకు సుమో అలవాటు చేసింది ఆస్పత్రి. 1900లో ఐడా స్కడర్ ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యశాల సీఎంసీగా పెరిగాక చిత్తూరు, పలమనేరు, మదనపల్లె వైపు జనానికి అది ఆఖరి నమ్మకమైంది. స్థానిక డాక్టరు పెదవి విరిచాడంటే ‘వేలూరుకు ఎత్తుకొని పోండి’ అనేవాళ్ళు. ఎత్తుకొనిపోయేది సుమోనే. వెనక బల్ల సీట్లు మడిచి పరుపు పరిస్తే రోగి పడుకోవచ్చు, పక్కన ఇద్దరు కూర్చోవచ్చు, ముందర పెద్దమనుషులు. క్రిస్టియన్‌పేట చెక్‌పోస్టు దగ్గర ఏపీ 03 నంబరు సుమో ఆగితే పోలీసు వెనక్కి తొంగి చూసి చెయ్యి ఊపేసేవాడు. ఆస్పత్రి చుట్టుపక్కల సందుల్లో ఆ బండ్లు రోజులతరబడి నిలిచి ఉండేవి, డ్రైవర్లు అద్దాలకు తువ్వాళ్ళు కట్టుకొని నిద్రపోయేవాళ్ళు.

పతనాలు ఆ ఊరికి కొత్త కావు. 1614లో విజయనగరపు అరవీటి రాజును కుటుంబంతో సహా చంపించింది ఆ ఊరి కోటలోనే. బతికి బయటపడిన ఒక్క పిల్లవాణ్ణి కాపాడినవాడు వెలుగోటి యాచమ నాయకుడు. తర్వాత టిప్పు కొడుకులు, ఆ తర్వాత క్యాండీ ఆఖరి రాజు విక్రమ రాజసింహుడు బందీలుగా వచ్చారు. రాజ్యం పోయినవాళ్ళను తెచ్చి కూర్చోబెట్టే ఊరు అది. ఒక బండి కథకు ఇంత చరిత్ర ఎత్తుకోవడం అతి అనిపించవచ్చు. కానీ ఆ కోట కందకం పక్కనుంచే మా చిన్నాయన తన సుమోను మొదటిసారి ఇంటికి తోలుకొచ్చాడు, ఆ రోజు ఆయన ముఖంలో రాజసానికి తక్కువేమీ లేదు.

చిన్నాయనది గుడియాత్తం. లుంగీలు, అగ్గిపెట్టెల ఊరు, వేలూరుకు ముప్పై పైచిలుకు కిలోమీటర్లు. అక్కడ తెలుగు మాట్లాడే ఇళ్ళు బోలెడు. పగలు వేలూరులో గుమాస్తా ఉద్యోగం, సాయంత్రం తండ్రి వదిలిన మైక్‌సెట్టు వ్యాపారం. పెళ్ళిళ్ళకు, జాతరలకు స్పీకర్లతోపాటు జనరేటర్ కూడా పంపాలి. ఆ జనరేటర్‌ను రెండు చక్రాల ట్రైలర్ మీద బిగించి ఉంచాడు, ఎవరో ఒకరి ట్రాక్టరు దొరికితే కట్టి లాగించేవాడు. పగలు ఆఫీసుకు పోవడానికి, రాత్రి ట్రైలర్ లాగడానికి ఒకే బండి కావాలన్నది ఆయన లెక్క.

2012లో ఆ లెక్కకు డీజిల్ బండి తప్ప వేరే జవాబు లేదు. ఆ మేలో ఢిల్లీలో లీటరు పెట్రోలు 73 రూపాయలు దాటింది, డీజిల్ 41 లోపే ఉంది. లీటరుకు ముప్పై రూపాయలకు పైన తేడా! ఆ ఏడాది దేశంలో అమ్ముడైన కార్లలో సగానికి పైగా డీజిల్‌వే అయ్యాయి. సర్కారు సబ్సిడీ రైతు కోసం, లారీ కోసం అన్నారు, దాని మీద సవారీ చేసింది మాత్రం మనబోటివాళ్ళే.

వేలూరులో ఒక బ్రోకరు 2006 నాటి సుమో స్పేసియో చూపించాడు. టాటా 407 లారీ ఇంజను తెచ్చి అమర్చిన రకం, 2956 సీసీ. చిన్నాయన వెంట తనకు తెలిసిన మెకానిక్ భాయ్‌ని తీసుకుపోయాడు, నేను తోక. భాయ్ బండిని తెల్లారేసరికే చూస్తానన్నాడు. పోగానే బానెట్ ఎత్తించి ఇంజను మీద అరచెయ్యి వేశాడు. చల్లగా ఉంది. అమ్మేవాళ్ళు ముందుగానే వేడెక్కించి పెట్టి, ఒక్క తిప్పుకే స్టార్టయిందని మురిపించడం పాత విద్యట. స్టార్టు చేయించి పొగ గొట్టం దగ్గర చతికిలబడ్డాడు. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతున్నట్టు, తెల్లపొగ ఎంతకూ ఆగకపోతే కంప్రెషన్ పోయినట్టు, నల్లపొగ అయితే నాజిళ్ళతో సరిపెట్టుకోవచ్చు. తర్వాత ఇంజను తిరుగుతుండగానే ఆయిల్ పోసే మూత తీసి, ఆ రంధ్రం మీద చెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. లోపలి గాలి చేతిని తన్నితే పిస్టన్ రింగులు అరిగాయని అర్థం. తన్నలేదు.

అప్పుడు అసలు పరీక్ష. హ్యాండ్ బ్రేకు లాగి, మూడో గేరు వేసి క్లచ్ వదలమన్నాడు. ఇంజను ఠక్కున ఆగిపోయింది.

“ఆగింది గదా, అదే కావాల. ఆగకుండా గుర్రుమనిందంటే ప్లేటు జారతావుందని. బరువు లాగేవాడికి మొదట పోయేది క్లచ్చే సార్.”

“మరి తీసుకుందామా భాయ్?”

“ఇంజను లారీది సార్. మీ తర్వాత మీ పిల్లోడు గూడా తోలతాడు. హుక్కు మాత్రం బంపరుకు ఏయించొద్దు, ఛాసిస్ అడ్డకమ్మీకి ఏయించండి.”

ఆఖరున కింద దూరి, ఛాసిస్ మీద కొట్టిన నంబరుపై పలచటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దాడు. అంకెలు ఒక్కొక్కటే తేలాయి. ఆర్సీ బుక్కుతో సరిపోల్చి కాగితం మడిచి చిన్నాయన జేబులో పెట్టాడు. రెండు లక్షలకు కాస్త లోపు బేరం తెగింది. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు.

ఇంజను గురించి భాయ్ చెప్పిన ప్రతి మాటా నిజమైంది. గుడియాత్తంలో వైకాశి ఒకటిన, అంటే మే నడిమిన, గంగమ్మ శిరస్సు జాతర. తరణంపేట ముత్యాలమ్మ గుడి నుంచి అమ్మవారి శిరస్సును ఊరేగిస్తూ కౌండిన్య ఒడ్డున గోపాలపురం గంగమ్మ గుడికి తెస్తారు, అక్కడ మొండేనికి అమరుస్తారు. తమిళనాడే కాదు, ఆంధ్ర, కర్ణాటకల నుంచి కూడా జనం వస్తారు. ఆ గుంపుల్లో వీధి వీధికీ ట్రైలర్ లాగడం అంటే వేగం పని కాదు. టన్ను బరువు వెనక, కొబ్బరి చిప్పల మీద జారే నేల కింద, పిల్లలు చక్రాల పక్కనే. స్పేసియో మొదటి గేరులో, యాక్సిలరేటర్ మీద కాలు పెట్టకుండానే, మనిషి నడక కంటే నిదానంగా పోయేది. కొత్త తరం కార్లు ఆ పని చేస్తే అరగంటకు క్లచ్ కమురు వాసన కొడతాయి. పవర్ స్టీరింగ్ లేదు గనక చిన్నాయన భుజాలు మాత్రం మర్నాడు పనికొచ్చేవి కావు. ట్రైలర్‌కు వేరే రిజిస్ట్రేషన్ ఉండాలని చట్టం చెబుతుంది. జాతర నాడు ఆ సంగతి ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు, ఎత్తవలసినవాళ్ళ దీపాలు కూడా ఆ జనరేటర్ మీదే వెలిగేవి మరి.

సుమో వంశానికి మాత్రం అప్పటికే చెదలు పట్టింది. 2000లో బెంగళూరు పక్క బిడది నుంచి టొయోటా క్వాలిస్ దిగింది. అందంలో సుమోకు మేనత్త కొడుకే, కానీ లోపల కూర్చుంటే ఒళ్ళు కుదిపేది కాదు. ఒకసారి క్వాలిస్‌లో తిరుపతి పోయివచ్చిన పెద్దావిడ మళ్ళీ సుమో ఎక్కనంది, ట్రావెల్స్‌వాళ్ళు ఆవిడ మాటే విన్నారు. 2005లో ఇన్నోవా వచ్చాక పోటీ అనే మాటే లేదు. టాటావాళ్ళు విక్టా అన్నారు, 2008లో గ్రాండే అన్నారు, తర్వాత గోల్డ్ అన్నారు. పేర్లు మారినకొద్దీ కొనేవాళ్ళు తగ్గారు. నన్నడిగితే గ్రాండే మంచి బండి. కానీ సుమో అనగానే ఎంపీడీఓ ఆఫీసు జీపో, సినిమా రౌడీ బండో గుర్తొచ్చే రోజుల్లో ఆ పేరుతో ఎంత మంచి బండి తెచ్చినా పెళ్ళికొడుకు ఎక్కడు.

డీజిల్ కూడా వెన్నుపోటు పొడిచింది. 2013 జనవరి నుంచి నెలకు అర్ధరూపాయి చొప్పున పెంచుకుంటూ పోయి, 2014 అక్టోబరులో సర్కారు ధర మీద పట్టు వదిలేసింది. మరుసటేడు ఫోక్స్‌వ్యాగన్ పొగ పరీక్షల్లో చేసిన మోసం అమెరికాలో బయటపడి డీజిల్ పేరే పాపమైంది. అదే డిసెంబరులో సుప్రీంకోర్టు 2000 సీసీ దాటిన డీజిల్ బండ్ల రిజిస్ట్రేషన్‌ను ఢిల్లీ ప్రాంతంలో కొన్ని నెలలు ఆపేసింది. వేలూరులో ఆ తీర్పుతో పని లేదు, కానీ భయం రావడానికి చెక్‌పోస్టు అడ్డం కాదు. పదేళ్ళు దాటిన డీజిల్‌కు ఢిల్లీలో చోటు లేదనేసరికి అక్కడి బండ్లు ఎన్‌ఓసీలతో దక్షిణాదికి దిగసాగాయి. చిన్నాయన బండి అమ్మి మంచిది కొందామనుకున్న ప్రతిసారీ బ్రోకరు చెప్పే ధర తగ్గుతూ వచ్చింది. 2019 జులై నుంచి కొత్త కార్లకు డ్రైవరు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి, అక్టోబరు నుంచి పాత నమూనాలకూ గుద్దుడు పరీక్షలు, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6. లారీ ఛాసిస్ మీద 1994లో గీసిన ఒంటిని ఈ మూడింటికీ సరిపడేలా తిరగరాయడం కంటే వదిలేయడమే కంపెనీకి చౌక. ఒకనాడు దాని గొప్పతనమనుకున్న మొద్దు ఇనుమే చివరికి దాని మీద నేరమైంది. మారుతి లాంటి కంపెనీయే డీజిల్‌కు దణ్ణం పెట్టేసింది.

2020 మేలో దేశమంతా లాక్‌డౌన్. పెళ్ళిళ్ళు లేవు, మైకు లేదు, ఆఫీసు లేదు. జూన్ 24న ఢిల్లీలో డీజిల్ ధర చరిత్రలో మొదటిసారి పెట్రోలును దాటింది. ఆ వార్త చిన్నాయన ఫోన్‌లోనే చదివి వినిపించాడు, నవ్వుతూనే. బండి కౌండిన్య ఒడ్డున ఒక తెలిసినవాళ్ళ ఖాళీ స్థలంలో నిలబడింది. మరుసటేడు నవంబరు వానలకు ఎగువన మోర్ధానా డ్యామ్ పొంగిపొర్లింది. ఏళ్ళతరబడి ఇసుక తప్ప ఏమీ లేని కౌండిన్య ఒడ్డు దాటింది, పాలారులో ఆ తరం ఎన్నడూ చూడని వరద. సుమో తలుపుల సగం దాకా మునిగింది.

భాయ్ వేలూరు నుంచి వచ్చాడు. ట్యాంకు దింపి డీజిల్ పారబోశాడు, గేరుబాక్సు నుంచి పాలరంగు తేలిన ఆయిల్ తీశాడు, నాజిళ్ళు విప్పి సిలిండర్లలో నీళ్ళు లేవని తేల్చుకున్నాక సెల్ఫ్ కొట్టాడు. కాసేపు దగ్గి అందుకుంది. జుట్టు నెరిసిన భాయ్, తొమ్మిదేళ్ళ కిందటి మాట గుర్తుందా సార్ అన్నట్టు చూశాడు.

బండికి పదిహేనేళ్ళు నిండాయి. ఆర్సీ రెన్యువల్ చేయించాలి. వరద పనులు, డబ్బు సర్దుబాట్లలో చిన్నాయన ఆలస్యం చేశాడు. 2022 ఏప్రిల్ ఒకటి నుంచి ఆ ఫీజు 600 రూపాయల నుంచి 5000 అయింది. దాని మీద గ్రీన్ ట్యాక్సు, ఇన్సూరెన్సు. ఇన్‌స్పెక్టరు ముందు నిలబెట్టాలంటే నీళ్ళకు తుప్పు పట్టిన ఫ్లోరు రేకులు మార్చి టింకరింగ్, పెయింటింగ్, నాలుగు టైర్లు. చిన్నాయన ఒక పాత క్యాలెండరు వెనక అంతా కూడాడు. మొత్తం బండి ధరను దాటింది. వేలూరు బ్రోకరు రానే రాలేదు, ఫోన్‌లోనే తూకం ధర చెప్పాడు.

తీసుకుపోవడానికి వచ్చినవాళ్ళు తమ బండికి తాడు కట్టి లాగుతామన్నారు. చిన్నాయన ఒప్పుకోలేదు. తానే స్టార్టు చేసి తుక్కు యార్డు దాకా తోలుకుపోయాడు. ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. ఆ ఇంజను విడిగా అమ్ముడుపోయిందనీ, పళ్ళికొండ వైపు ఎక్కడో బావి దగ్గర పంపుకు బిగించారనీ తర్వాత భాయ్ చెప్పాడు, నిజమో కాదో.

సఫారీ పేరును టాటావాళ్ళు 2021లో తిరిగి తెచ్చారు, సియెర్రాను 2025లో. సుమో పేరు ఇంకా ఎవరూ ఎత్తలేదు. చిన్నాయన ఇప్పుడు ఆఫీసుకు బస్సులో పోతున్నాడు. ట్రైలర్ ఇంటి ముందే ఉంది, జాతరకు బొలేరో పికప్ బాడుగకు మాట్లాడుతున్నాడు. పికప్‌వాడు రోజుకు అడిగేదెంతో పిన్నమ్మకు మాత్రం సగమే చెబుతాడు.