ఇంట గెలిచి రచ్చ గెలవడం: చిలీ దేశపు ఎన్నికల ముచ్చట

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు మన పెద్దలు. ఆ మాటనే అధ్యక్ష ఎన్నికలకు చట్టంగా రాసుకున్న దేశం ఒకటి దక్షిణ అమెరికా పడమటి తీరాన ఉన్నది. అదే చిలీ. ఆ దేశపు చరిత్ర పింఛనుదారులమైన మనం ప్రత్యేకంగా తెలుసుకోదగినది. ఉద్యోగి జీతంలో నెలనెలా కోత కోసి, ఆ సొమ్మును ప్రైవేటు కంపెనీలకు అప్పగించి, చివరకు పోగైనదాన్నిబట్టి పింఛను ఇచ్చే పద్ధతి 1981లో దేశవ్యాప్తంగా మొదలైనది అక్కడే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 సెప్టెంబరు 1 నుంచి చేరిన ఉద్యోగులకు వర్తింపజేసిన కంట్రిబ్యూటరీ పింఛను దానికి దూరపు చుట్టమే.

1973 సెప్టెంబరు 11న చిలీ సైన్యం సాల్వడార్ అలెండే ప్రభుత్వాన్ని కూలదోసింది. అలెండే ఆ రోజే మరణించారు. జనరల్ పినోచెట్ 1990 వరకు పాలించారు. పింఛను మార్పు జరిగినది ఆయన హయాంలోనే, పార్లమెంటు లేని రోజుల్లో. ఉద్యోగి తన జీతంలో 10 శాతం కట్టాలి, అప్పట్లో యజమాని వంతు లేదు. విచిత్రమేమంటే, సైనికులను మాత్రం ఈ పద్ధతి నుంచి మినహాయించి పాత పింఛనే ఉంచారు!

1988 అక్టోబరు 5న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో సుమారు 56 శాతం మంది పినోచెట్ ఇక వద్దన్నారు. ఆ విజయం సాధించిన కూటమిలో క్రిస్టియన్ డెమోక్రాట్లు, సోషలిస్టులు ముఖ్యులు. 1973కు ముందు వీరికి ఒకరంటే ఒకరికి పడేది కాదు. ఉమ్మడి శత్రువు ఉన్నంతకాలం కలిసి ఉండటం తేలికే. అధికారం వచ్చాక కుర్చీ ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. మన దగ్గరైతే టిక్కెట్టు ఎవరికో అధిష్ఠానం తేలుస్తుంది, టిక్కెట్టు రానివారు తిరుగుబాటు అభ్యర్థిగా నిలబడతారు. చిలీ కూటమి మరో దారి తొక్కింది. అభ్యర్థిని కూడా ఓటుతోనే తేల్చుకుందామన్నది. దీన్నే ప్రైమరీ ఎన్నిక అంటారు.

1993లో క్రిస్టియన్ డెమోక్రాట్ ఎడువర్డో ఫ్రే, సోషలిస్టుల నాయకుడు రికార్డో లాగోస్ పోటీపడగా ఫ్రే గెలిచారు. లాగోస్ అలగలేదు, కూటమిని వీడలేదు. 1999 మే 30న మళ్లీ నిలబడి, 70 శాతానికి పైగా ఓట్లతో ఆండ్రెస్ సాల్దివార్‌ను ఓడించారు. ఈసారి ఓటమిని అంగీకరించడం క్రిస్టియన్ డెమోక్రాట్ల వంతయింది. 2000 జనవరిలో స్వల్ప ఆధిక్యంతో లాగోస్ అధ్యక్షుడయ్యారు. అలెండే తరువాత ఆ పదవికి వచ్చిన మొదటి సోషలిస్టు ఆయనే.

నియమం సడలించినప్పుడు ఏమైందో కూడా చూడాలి. 2009లో కూటమి ప్రైమరీని రెండు ప్రాంతాలకే పరిమితం చేసి ఫ్రేను మళ్లీ నిలబెట్టింది. అవకాశం దక్కని యువనేత మార్కో ఎన్రికెస్ ఒమినామి బయటికి వెళ్లి స్వతంత్రుడిగా పోటీ చేసి సుమారు 20 శాతం ఓట్లు తెచ్చుకున్నారు. 2010 జనవరిలో ఫ్రే ఓడిపోయి, మితవాది సెబాస్టియన్ పినెరా గెలిచారు. ఇరవై ఏళ్ల కూటమి పాలన ముగిసింది.

ఆ తరువాత 2012లో ప్రైమరీలకు చట్టం వచ్చింది. కూటములు ప్రైమరీ పెట్టుకోవాలన్న నిర్బంధం లేదు. పెట్టుకుంటే మాత్రం ప్రభుత్వ ఎన్నికల సంస్థే ఒకే రోజున అందరికీ నిర్వహిస్తుంది. ఏ పార్టీకీ చెందని ఓటరు ఏదో ఒక కూటమిలో మాత్రమే ఓటు వేయవచ్చు. ఓడినవారు ఆ ఏడాది అదే పదవికి పోటీ చేయరాదు. తిరుగుబాటుకు తలుపు మూసినట్టే.

2013 జూన్ 30న మొదటిసారి ఈ చట్టం కింద 30 లక్షల మందికి పైగా ఓటు వేశారు. వామపక్ష కూటమిలో మిచెల్ బాచెలెట్ సుమారు 73 శాతం ఓట్లతో గెలిచారు. మితవాదుల్లో గెలిచిన పాబ్లో లాంగెయిరా మూడు వారాలు తిరక్కముందే మానసిక కుంగుబాటుతో తప్పుకోగా ఎవెలిన్ మాతే నిలబడ్డారు. ఈ మహిళలిద్దరి తండ్రులూ వైమానిక దళ అధికారులు, మిత్రులు. ఒకరు 1974లో పినోచెట్ చెరలో మరణించారు, మరొకరు పినోచెట్ సైనిక మండలిలో సభ్యులయ్యారు. వారి కుమార్తెల పోటీని బ్యాలెట్టు పెట్టె తేల్చింది. బాచెలెట్ గెలిచారు.

అయితే ఇంట గెలిచినవారందరూ రచ్చ గెలవలేదు. 2021 జూలై 18న ప్రైమరీ నెగ్గిన ఇద్దరిలో గాబ్రియెల్ బోరిక్ అధ్యక్షుడు కాగా, సెబాస్టియన్ సిషెల్ నవంబరు ఎన్నికలో నాలుగో స్థానంలో నిలిచారు. 2025 జూన్ 29న వామపక్ష ప్రైమరీలో కమ్యూనిస్టు నాయకురాలు జానెట్ హారా 60 శాతం ఓట్లతో గెలిచారు. కార్మిక మంత్రిగా ఉండగా పింఛను చట్టాన్ని పార్లమెంటులో నెగ్గించినది ఈమే. యజమాని వంతును క్రమక్రమంగా పెంచే ఆ చట్టం 2025 జనవరిలో, ప్రతిపక్షంలోని కొందరి మద్దతుతో ఆమోదం పొందింది. కానీ ఆ ప్రైమరీకి వచ్చినవారు సుమారు 14 లక్షలే. అసలు ఎన్నికలో ఓటు తప్పనిసరి కావడంతో కోటీ ముప్పై లక్షలకు పైగా వచ్చారు. ప్రైమరీయే పెట్టుకోని మితవాదులు మొదటి విడతలో విడివిడిగా నిలిచినా, డిసెంబరు 14న వారిలోని హోసే ఆంటోనియో కాస్ట్ 58 శాతం ఓట్లతో గెలిచారు.

కనుక ప్రైమరీ గెలుపు మంత్రమేమీ కాదు. కొద్దిమందే వచ్చి ఎంచుకున్న అభ్యర్థి అందరికీ నచ్చాలని లేదు. దాని విలువ వేరే చోట ఉన్నది. ఓడినవారు గెలిచినవారి వెనుక నడవగలగడమే ఆ విలువ. పదిహేడేళ్లు తుపాకీ నీడలో గడిపిన దేశానికి అది చిన్న విషయం కాదు.

పింఛనుదారులకు మరొక పాఠం కూడా ఉన్నది. ఒక సంతకంతో పోయిన యజమాని వంతును ఓటు దారిలో తిరిగి సంపాదించడానికి వారికి నలభై ఏళ్లకు పైగా పట్టింది. హక్కు పోవడానికి ఒక పూట చాలు, రావడానికి ఒక తరం కావాలి. అందువల్ల సంఘంలోనైనా, దేశంలోనైనా, అభ్యర్థిని ఎంచుకునే నాడే హాజరు కావడం మంచిది.