పనిచోట పరిహాసం: ‘సరదాకి అన్నాను’ అనే సమాధానం - ఒక చరిత్ర

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
- అమెరికా పౌర హక్కుల చట్టంలో ‘లింగం’ అనే పదం ఏ పరిస్థితుల్లో చేరిందో వివరించగలుగుతారు.
- స్త్రీలను చిన్నబుచ్చే హాస్యం పనిచోట వివక్షగా ఎట్లా మారుతుందో విశ్లేషించగలుగుతారు.
- 1993 నాటి హారిస్ తీర్పు ప్రాముఖ్యాన్ని గుర్తించగలుగుతారు.

9.1 పరిచయం

‘పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం’ అనే సామెత మీకు తెలిసిందే. ఆఫీసులో, ఫ్యాక్టరీలో, దుకాణంలో ఆడవారిమీద వేసే జోకులకు ఇది చక్కగా సరిపోతుంది. జోకు వేసినవారికి అది కాసేపు కాలక్షేపం. దాన్ని రోజూ వినవలసిన స్త్రీకి అది బరువు. ఆమె అభ్యంతరం చెబితే ‘సరదాకి అన్నాను, ఇంతమాత్రానికే కోపమా?’ అంటారు. అప్పుడు తప్పు అన్నవారిది కాకుండా, నవ్వలేని ఆమెది అవుతుంది. ఈ సమాధానాన్ని చట్టం ఎప్పుడు, ఎందుకు ప్రశ్నించింది? అమెరికా అనుభవం ఆధారంగా పరిశీలిద్దాం.

9.2 నవ్వుల మధ్య పుట్టిన హక్కు

1964 ఫిబ్రవరి 8న అమెరికా ప్రతినిధుల సభలో పౌర హక్కుల బిల్లుపై చర్చ జరుగుతోంది. జాతి, వర్ణం, మతం, జాతీయ మూలం కారణంగా ఉద్యోగాల్లో వివక్ష చూపరాదని బిల్లులోని ఏడవ అధ్యాయం చెబుతోంది. ఈ జాబితాలో ‘లింగం’ అనే పదాన్ని కూడా చేర్చాలని వర్జీనియా సభ్యుడు హోవర్డ్ స్మిత్ సవరణ ప్రతిపాదించారు. ఆయన అసలు బిల్లుకే వ్యతిరేకి. దేశంలో స్త్రీల సంఖ్య ఎక్కువై అందరికీ భర్తలు దొరకడం లేదని ఒక మహిళ రాసిన లేఖను ఆయన చదివి వినిపించారు. సభ నవ్వులతో నిండిపోయింది. అప్పుడు మిషిగన్ సభ్యురాలు మార్తా గ్రిఫిత్స్ లేచి, స్త్రీలను రెండవ తరగతి పౌరులుగా చూస్తున్నారనడానికి ఈ నవ్వులే రుజువని అన్నారు. సవరణ 168-133 ఓట్లతో నెగ్గింది.

స్మిత్ ఉద్దేశం బిల్లును దెబ్బతీయడమేనని కొందరు చరిత్రకారులు అంటారు. స్త్రీల సమాన హక్కుల సవరణను ఆయన అంతకుముందు నుంచే సమర్థించారు కాబట్టి, ఇది నిజమైన ప్రతిపాదనేనని మరికొందరి వాదన. ఏమైనా, ఆ పదం చట్టంలో నిలిచింది.

1965 జులై 2 నుంచి ఈ అధ్యాయం అమల్లోకి వచ్చింది. కానీ నవ్వు ఆగలేదు. నైట్ క్లబ్బులో ‘బన్నీ’ ఉద్యోగానికి మగవాడు దరఖాస్తు పెడితే ఏం చేయాలని పత్రికలు చమత్కరించాయి. అమలు బాధ్యత గల సమాన ఉపాధి అవకాశాల కమిషన్ కూడా లింగ వివక్ష నిబంధనను మొదట తేలికగానే తీసుకుంది. అయితే మొదటి ఏడాది దానికి అందిన ఫిర్యాదుల్లో దాదాపు మూడో వంతు లింగ వివక్ష గురించినవే. కమిషన్ ఉదాసీనతపై అసంతృప్తి 1966లో జాతీయ మహిళా సంస్థ ఏర్పడటానికి ఒక ముఖ్య కారణం.

9.3 జోకు ఏం చేస్తుంది?

1977లో సామాజిక శాస్త్రవేత్త రోజబెత్ మాస్ కాంటర్ ఒక పెద్ద కంపెనీపై తన అధ్యయనాన్ని ప్రచురించారు. మగవారు అధికంగా ఉన్న చోట ఒకరిద్దరు స్త్రీలు చేరితే, మగవారి జోకులు తగ్గకపోగా మరింత పెరగడం ఆమె గమనించారు. ఆ స్త్రీల ముందు రెండే దారులు ఉండేవి. తోటి స్త్రీలమీద వేసిన జోకుకు తామూ నవ్వితే ‘మనలో మనిషి’ అనిపించుకోవచ్చు. నవ్వకపోతే ‘సరదా తెలియని మనిషి’గా మిగిలిపోవాలి. అంటే అక్కడ జోకు ఒక పరీక్ష. అది ఎవరు లోపలివారో, ఎవరు బయటివారో తేలుస్తుంది.

దీని ఫలితాలను మీరే ఊహించవచ్చు. సమావేశంలో మాట్లాడబోయే స్త్రీ వెనక్కి తగ్గుతుంది. ఆమె పనితనం కన్నా ఆమె ఆడది కావడమే అందరి కంటికి కనిపిస్తుంది. పై అధికారే జోకు వేస్తే, మిగిలినవారికి అదే అనుమతి అవుతుంది.

9.4 హారిస్ కేసు (1993)

‘లైంగిక వేధింపు’ అనే పేరు 1975 ప్రాంతంలో న్యూయార్క్ రాష్ట్రంలోని ఇథాకాలో మహిళా కార్యకర్తల ద్వారా ప్రచారంలోకి వచ్చింది. వేధింపులతో పని వాతావరణాన్ని ప్రతికూలంగా మార్చడం కూడా వివక్షేనని 1986లో సుప్రీంకోర్టు అంగీకరించింది. కానీ ఎంత బాధ కలిగితే వేధింపు అవుతుంది?

టెన్నెసీ రాష్ట్రంలోని నాష్‌విల్‌లో యంత్రాలు అద్దెకిచ్చే ఒక కంపెనీలో టెరీసా హారిస్ 1985 ఏప్రిల్ నుంచి మేనేజరుగా పనిచేశారు. కంపెనీ అధ్యక్షుడు ఆడదానికి ఏం తెలుసని ఆమెను అందరిముందూ ఎగతాళి చేసేవాడు. జీతం పెంపు గురించి హోటలులో మాట్లాడుకుందామనేవాడు. తన ప్యాంటు ముందు జేబులోని నాణేలు తీయమని స్త్రీ ఉద్యోగులను అడిగేవాడు. 1987 ఆగస్టులో ఆమె ఫిర్యాదు చేయగా, తాను జోకు వేశానంతేనని ఆశ్చర్యపడి, ఇక ఆపుతానని మాట ఇచ్చాడు. సెప్టెంబరులో మళ్ళీ మొదలుపెట్టాడు. అక్టోబరు 1న ఆమె తన జీతం తీసుకొని ఉద్యోగం మానేశారు.

మాటలు అభ్యంతరకరమే గాని, ఆమె మానసిక స్థితిని తీవ్రంగా దెబ్బతీసేంతటివి కావని కింది కోర్టు భావించింది. 1993 నవంబరు 9న సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఈ కొలమానాన్ని తిరస్కరించింది. న్యాయమూర్తి శాండ్రా డే ఓకానర్ రాసిన తీర్పు ప్రకారం, బాధితురాలు మానసికంగా కుప్పకూలేదాకా చట్టం వేచి ఉండనక్కరలేదు. చేష్టలు ఎంత తరచుగా జరిగాయి, ఎంత తీవ్రమైనవి, అవమానించాయా, పనికి అడ్డుతగిలాయా అన్నవన్నీ కలిపి చూడాలి. ఒక్క అభ్యంతరకరమైన మాట మాత్రమే సరిపోదు. ఈ విధంగా ప్రశ్న ‘అన్నవాడి ఉద్దేశం ఏమిటి?’ నుంచి ‘పనిచోటు ఏమైంది?’ వైపు మళ్ళింది.

9.5 మన దేశంలో

1997 ఆగస్టు 13 నాటి విశాఖ తీర్పులో మన సుప్రీంకోర్టు లైంగిక అర్థం ధ్వనించే వ్యాఖ్యలను కూడా వేధింపుగా పేర్కొంది. 2013 చట్టం దీన్ని కొనసాగించింది. పదిమంది, అంతకు మించి సిబ్బంది ఉన్న చోట అంతర్గత కమిటీ తప్పనిసరి. ఘటన జరిగిన మూడు నెలల్లోగా ఫిర్యాదు చేయాలి. హారిస్ విషయంలో వలె యజమానే వేధిస్తే, జిల్లాలోని స్థానిక కమిటీకి వెళ్ళవచ్చు.

9.6 సారాంశం

1964లో సభను నవ్వించిన పదమే 1993లో ఒక ఉద్యోగినికి ఆధారమైంది. ఈ ముప్పై ఏళ్ళలో మారినది హాస్యం కాదు, దాన్ని తూచే తక్కెడ. మీరు పనిచేసే చోట ఈసారి అందరూ నవ్వినప్పుడు, నవ్వనివారు ఎవరో ఒకసారి గమనించండి.

9.7 మీ ప్రగతిని సరిచూసుకోండి

1. ‘లింగం’ అనే పదం చేర్చిన సవరణపై చరిత్రకారుల భిన్నాభిప్రాయాలు ఏవి?
2. కాంటర్ అధ్యయనం ప్రకారం జోకు ఒక పరీక్షగా ఎట్లా పనిచేస్తుంది?
3. హారిస్ కేసులో కింది కోర్టుకూ, సుప్రీంకోర్టుకూ మధ్య గల తేడాను వివరించండి.